సారా పాటను ఆపిన పాఠం

తెలుగు వాచకంలో ప్రతి పాఠానికీ ఒక ‘కవి పరిచయం’ ఉంటుంది. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, రచించిన గ్రంథాలు, పొందిన బిరుదులు. వీటిని ఏళ్ళ తరబడి పిల్లలచేత వల్లె వేయిస్తున్న ఉపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి. ఒకసారి తొమ్మిదో తరగతిలో నెల్లూరు జిల్లా సారా వ్యతిరేకోద్యమం ప్రస్తావన వచ్చింది. వయోజన విద్యా వాచకంలోని ఒక చిన్న పాఠం చదివిన కూలి స్త్రీలు సారా దుకాణాలు మూయించారనీ, చివరికి ప్రభుత్వమే దిగిరావలసి వచ్చిందనీ చెప్పాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, “ఆ పాఠం ఎవరు రాశారు సార్? కవి పరిచయం లేదా?” అని అడిగింది.

“లేదమ్మా” అని ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మన సాహిత్య చరిత్రలు రచయితల చరిత్రలు. యుగవిభజన రచయితల పేర్లమీదే జరిగింది. చదివినవాళ్ళెవరు, చదివి ఏం చేశారు అన్న ప్రశ్నకు వాటిలో చోటు లేదు. సాహిత్యం సమాజాన్ని మారుస్తుందా లేదా అని మనం సభల్లో గంటల తరబడి వాదించుకుంటాం. మన కళ్ళముందే, 1991-93 మధ్య, ఒక వాచకం నిజంగా సమాజంలోకి దిగి పనిచేసిన సందర్భాన్ని మాత్రం సాహిత్య విషయంగా లెక్కపెట్టలేదు. దాన్ని పత్రికలవారికీ, సామాజిక శాస్త్రవేత్తలకూ వదిలేశాం. ఆ లోటును కొంతైనా పూరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

సారా గురించి మాట్లాడేటప్పుడు తాగేవాడి బలహీనతతో మొదలుపెట్టడం ఒక అలవాటు. చరిత్ర అక్కడ మొదలుకాలేదు. అది ఖజానాతో మొదలైంది.

పల్లెల్లో కల్లు పూర్వం నుంచీ ఉంది. దాన్నీ, సారానూ ప్రభుత్వ ఆదాయ మార్గంగా ఒక పద్ధతి ప్రకారం మలిచింది వలస పాలకులు. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం ఆ పద్ధతికి పునాది. నైజాములోనూ 1316 ఫసలీలో అబ్కారీ చట్టం వచ్చింది. తయారుచేసే హక్కూ, అమ్మే హక్కూ ప్రభుత్వానివి. ఆ హక్కును వేలంపాటలో ఎక్కువకు పాడుకున్నవాడు కంట్రాక్టరు. పాడుకున్న సొమ్మును ఎన్నో రెట్లుగా రాబట్టుకోవడం అతని వ్యాపారం. ఈ మూడు ముక్కల్లో అబ్కారీ మొత్తం ఇమిడివుంది.

జాతీయోద్యమం కల్లు దుకాణాల పికెటింగు చేసింది. 1937లో మద్రాసు రాష్ట్రంలో అధికారానికి వచ్చిన రాజాజీ మంత్రివర్గం ముందు సేలం జిల్లాలోనూ, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాల్లోనూ మద్యనిషేధం ప్రవేశపెట్టింది. స్వతంత్ర భారత రాజ్యాంగం 47వ అధికరణంలో మద్యనిషేధం కోసం ప్రభుత్వం కృషి చెయ్యాలని రాసుకుంది. రాసుకున్నది ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టుకెక్కి అడిగే హక్కు ఎవరికీ లేదు. 1960ల చివరికి ఆంధ్ర ప్రాంతంలో ఉన్న నిషేధం కూడా పోయింది. 1968లో రాష్ట్రానికంతటికీ కలిపి ఎక్సైజు చట్టం వచ్చింది. పాత అబ్కారీ కొత్త పేరుతో నిలబడింది.

తర్వాత జరిగింది అంకెల్లోనే కనబడుతుంది. 1970-71లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఎక్సైజు ఆదాయం సుమారు 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లు దాటింది. ఇరవై ఏళ్ళలో ఇరవై రెట్లు! ఇదే కాలంలో కూలి ఇరవై రెట్లు పెరిగిందా? ఊళ్ళో మంచినీళ్ళు, ఆసుపత్రి, బడి ఇరవై రెట్లు పెరిగాయా? 1980లలో ‘వారుణివాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను సీసాల్లో, ప్యాకెట్లలో నింపి సరఫరా చేసే ఏర్పాటు వచ్చింది. కల్తీ సారాను అరికట్టడానికని పాలకులు చెప్పుకున్నారు. ప్యాకెట్టు చేతిలో పట్టేది, జేబులో పట్టేది, జీపులో ఎంత దూరమైనా వెళ్ళేది. మంచినీటి కుళాయి లేని ఊరికి కూడా సారా ప్యాకెట్టు క్రమం తప్పకుండా చేరింది.

ఇలాంటి వ్యవస్థలో తాగేవాడు దోషి అని చెప్పడం సులభం. తాగించేవాడు ఎవరన్న ప్రశ్న మాత్రం కష్టమైనది. ఈ కష్టమైన ప్రశ్న వేసింది పండితులు కాదు, శాసనసభ్యులు కాదు. అప్పుడే అక్షరాలు దిద్దడం నేర్చుకుంటున్న వ్యవసాయ కూలి స్త్రీలు.

2

1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పాటుచేసింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటన పొందింది. ఆ ఉత్సాహంతో అనేక జిల్లాలు అదే దారి పట్టాయి. నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో 1991 జనవరిలో కార్యక్రమం ప్రారంభమయింది. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు, ఉపాధ్యాయులు, చదువుకున్న పల్లెటూరి యువతీయువకులు ఇందులో పాల్గొన్నారు. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. పాటలు, చిన్న నాటికలు, వీధి ప్రదర్శనలు ముందు నడిచాయి. పలక, బలపం వాటి వెనక వచ్చాయి. ఈ వరస ముఖ్యమైనది. చదువు పల్లెకు శాసనంగా రాలేదు, పాటగా వచ్చింది.

రాత్రి బడులకు మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువగా వచ్చారు. పొలంలో నడుం వంచి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించి, పిల్లలకు పెట్టి, ఆ తర్వాత దీపం దగ్గర కూర్చున్నారు. వీరిలో అధికభాగం దళిత, వెనకబడిన కులాల కూలి స్త్రీలు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పల్లెలో మగవాళ్ళు కూర్చోడానికి రచ్చబండ ఉంది, టీ బంకు ఉంది, సారా దుకాణమే ఉంది. ఆడవాళ్ళు కలుసుకునే చోట్లు బావిగట్టు, పొలంగట్టు. అక్కడ చేతికి పని ఉంటుంది, నెత్తిన బరువు ఉంటుంది. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోవడమే గాని తీరిగ్గా కూర్చుని ఒక విషయాన్ని ఆసాంతం తర్కించే అవకాశం లేదు. రాత్రి బడి వాళ్ళకు మొదటిసారిగా ఒక రచ్చబండ ఇచ్చింది. ఎందుకెళ్ళావని మొగుడు అడిగితే “చదువుకోడానికి” అని చెప్పుకోగలిగిన చోటు అది.

ఆ చోట వాళ్ళ చేతికి వచ్చిన వాచకంలో ‘సీతమ్మ కథ’ ఒక పాఠం. తాగుబోతు భర్తతో వేగే ఒక సాధారణ పల్లెటూరి స్త్రీ, తన వంటి స్త్రీలను కూడగట్టుకుని ఊళ్ళో సారా దుకాణం మూయించడం దాని సారాంశం. కథ చిన్నది. శిల్పం అంటూ చెప్పుకోవలసినదేమీ లేదు. వాచకం నలుగురు కూర్చుని తయారుచేసినది గాని ఒక ప్రసిద్ధ రచయిత కలం నుంచి వచ్చినది కాదు. మన సమీక్షకుల ముందు పెడితే “ప్రచార సాహిత్యం” అని ఒక్క మాటలో పక్కన పెడతారు.

కాని ఆ కథను ఎలా చదివారో చూడాలి. మనం కథను ఒంటరిగా చదువుతాం. వాళ్ళు పదిమంది కలిసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఒక్కో మాట దగ్గర ఆగి చదివారు. ఆగిన ప్రతిచోటా “మా ఇంట్లోనూ ఇంతే వదినా” అన్న మాట వచ్చి ఉంటుంది. దెబ్బలు తిన్నది తానొక్కతే కాదని, ఖాళీ అయిన గింజల కుండ తన ఇంట్లోదొక్కటే కాదని తెలిసిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇంటిలోపలి ఏడుపు ఊరి సమస్య అయింది. తలరాత అనుకున్నది వేలంపాటగా కనిపించింది.

3

కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరు ఇందులో మొదట పేరుకెక్కింది. అక్కడి స్త్రీలలో ముందు నడిచిన వర్ధినేని రోశమ్మ తర్వాత ‘దూబగుంట రోశమ్మ’గానే రాష్ట్రానికంతటికీ తెలిసింది. ఆమె 2016లో కన్నుమూసింది. ఊరి పేరు ఇంటిపేరైన మనిషి ఆమె. కవులకూ, హరికథకులకూ మాత్రమే దక్కుతూ వచ్చిన గౌరవమిది.

దూబగుంట స్త్రీలు మొదట ఊరి పెద్దలను ఆశ్రయించారు. దుకాణం మూయించమని సర్పంచిని అడిగారు. ఫలితం లేకపోయింది. అప్పుడు దాదాపు వందమంది కలిసి ఊరి బయటికి నడిచారు. కల్లు తీసుకొస్తున్న బండిని ఆపారు. కల్లు పారబొయ్యమన్నారు. అయితే బండివాడు కూడా బతకడానికి వచ్చినవాడే గదా! అతనికి జరిగే నష్టానికి మనిషికొక రూపాయి చొప్పున తామే వేసుకుని ఇస్తామన్నారు. అతను మళ్ళీ ఆ ఊరివైపు రాలేదు. ఆ తర్వాత సారా జీపు వచ్చింది. దాన్ని చుట్టుముట్టి, కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామని చెప్పారు. ఈసారి నష్టపరిహారం ఊసెత్తలేదు. జీపు వెనక్కి తిరిగింది, దుకాణం మూతపడింది.

ఈ రెండు సంఘటనల మధ్య తేడాను మన సిద్ధాంతకర్తలు శ్రద్ధగా చూడాలి. కల్లు బండివాడికి రూపాయి చొప్పున ఇస్తామన్న స్త్రీలు సారా జీపుకు ఇస్తామనలేదు. శ్రమజీవి ఎవడో, దోచుకునేవాడెవడో వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. వర్గ దృష్టి గురించి మనం రాసిన వ్యాసాలన్నీ కలిపినా ఆ రూపాయి చెప్పినంత స్పష్టంగా చెప్పలేదేమో!

తర్వాత జరిగింది సాహిత్య విద్యార్థికి ఇంకా ముఖ్యమైనది. దూబగుంట స్త్రీలు చేసిన పని మరో దశ వాచకంలో పాఠంగా వచ్చింది. ఆడవాళ్ళు ఏకమైతే ఏమవుతుందో చెప్పే ఆ పాఠం కల్పిత సీతమ్మది కాదు, నిజమైన కూలి స్త్రీలది. ‘మేము’ అంటూ వాళ్ళ గొంతుతోనే నడిచినది. దాన్ని వందలాది ఊళ్ళలో రాత్రి బడులు చదివాయి. సీతమ్మ కథ చదివిన స్త్రీలు ఒక పని చేస్తే, ఆ పని మళ్ళీ కథ అయింది. ఆ కథ చదివిన వేరే స్త్రీలు ఇంకో పని చేశారు. పాఠకురాలే పాఠమయింది. కవి పరిచయం అడిగిన నా విద్యార్థినికి ఆనాడు చెప్పవలసిన జవాబు ఇదే.

4

1991 చివరినుంచి 1992 అంతా ఈ కదలిక ఊరినుంచి ఊరికి పాకింది. పద్ధతులు ఎక్కడికక్కడ వాళ్ళే కనిపెట్టుకున్నారు. పొలిమేరల్లో వంతులవారీగా కాపలా కాశారు. చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని దుకాణాల ముందు నిలబడ్డారు. ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టారు. తాగి వచ్చినవాడికి కొన్నిచోట్ల తిండి పెట్టలేదు, కొన్నిచోట్ల జరిమానా వేశారు, కొన్నిచోట్ల నలుగురిలో సిగ్గుపరిచారు. వీటన్నిటినీ మనం ఒకేలా మెచ్చుకోనక్కరలేదు. కూలివాణ్ణి ఊరేగించి అవమానించడంలో దొరలు చేసిన పనుల ఛాయ ఉంది. ఆ సంగతి దాచిపెట్టి ఉద్యమాన్ని పొగడటం విమర్శ అనిపించుకోదు. అయితే ఉద్యమం గురి ఎక్కువ కాలం తాగేవాడి మీద నిలవలేదు. దుకాణానికీ, దుకాణం నుంచి కంట్రాక్టరుకూ, కంట్రాక్టరు నుంచి వేలంపాటకూ అది చాలా త్వరగా ప్రయాణం చేసింది.

సారా దుకాణాల వేలంపాటను పల్లెల్లో ‘సారా పాటలు’ అంటారు. 1992లో నెల్లూరులో ఆ పాటలు జరగనివ్వకుండా స్త్రీలు వేలాదిగా తరలివచ్చారు. సొంత ఖర్చుతో, చద్దిమూటలు కట్టుకుని, చంకన పిల్లలతో వచ్చారు. పాటలు వాయిదా పడ్డాయి. మళ్ళీ తేదీ వేశారు, మళ్ళీ వాయిదా పడ్డాయి. ఇలా పదేపదే జరిగింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి స్వయంగా నెల్లూరు జిల్లావాడే. తన సొంత జిల్లాలోనే సారా పాట సాగించలేని స్థితికి ప్రభుత్వం వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అక్షరాలు నేర్పింది ప్రభుత్వం, సారా అమ్మిందీ ప్రభుత్వమే. ఒక శాఖ వాచకం అచ్చువేస్తే ఇంకో శాఖ దుకాణాలు వేలం వేసింది. రెండూ ఒకే కలెక్టరు కార్యాలయం ఆవరణలో నడిచాయి. ఆ వాచకంలోని సారా పాఠాలమీద పైనుంచి అభ్యంతరాలు రావడం సహజం. అప్పటికే ఆలస్యమైపోయింది. అచ్చులోంచి పాఠాన్ని తీసెయ్యవచ్చు గాని చదివేసిన మనిషి తలలోంచి తీసెయ్యడం ఏ ప్రభుత్వానికి సాధ్యం?

ఈ ఉద్యమానికి ఘనత ఎవరిదన్న పేచీ ఆనాడే మొదలయింది. అక్షరాస్యతా కార్యకర్తలు తమదన్నారు. వామపక్ష పార్టీలు, మహిళా సంఘాలు మొదటినుంచీ పనిచేశాయి. ‘ఈనాడు’ దినపత్రిక ‘సారాపై సమరం’ పేరుతో ప్రత్యేకంగా ఒక పేజీ నడిపింది. ఉత్తర తెలంగాణలో నక్సలైట్లు అంతకుముందే సారా అమ్మకాలను అడ్డుకున్నారు. గాంధేయవాదులు తమ పాత కార్యక్రమం ఫలించిందన్నారు. ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం కూడా ఉద్యమానికి మద్దతు పలికింది. వారుణివాహినిని నడిపింది తన హయాంలోనేనన్న సంగతి ఆ పార్టీ గుర్తుచేసుకోలేదు.

వీరందరి పాత్రా ఎంతో కొంత ఉంది. పత్రిక రాయకపోతే ఒక ఊరి వార్త ఇంకో ఊరికి అంత వేగంగా చేరేది కాదు. సంఘాలు లేకపోతే నెల్లూరు నుంచి చిత్తూరు, కర్నూలు, అనంతపురం మీదుగా తెలంగాణ జిల్లాలదాకా ఉద్యమం వ్యాపించేది కాదు. కాని తొలి నిర్ణయం ఎక్కడ జరిగిందో మరిచిపోరాదు. ఏ పార్టీ కార్యాలయంలోనూ అది జరగలేదు. రాత్రి బడి దీపం చుట్టూ జరిగింది.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అప్పటికి కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 డిసెంబరులో మళ్ళీ అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు తాను ఇచ్చిన మాట ప్రకారం సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించారు. 1995 జనవరి 16 నుంచి అది అమలయింది. వంద సంవత్సరాలకు పైగా నడిచిన అబ్కారీ లెక్కల పుస్తకాన్ని కొన్ని వందల ఊళ్ళ కూలి స్త్రీలు మూయించారు.

5

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం.

ఆధునిక తెలుగు కథానికకు ఆద్యమని మనం చెప్పుకునే గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. అందులోనూ చదువుకున్న భార్య ఉంది, దారితప్పిన భర్త ఉన్నాడు. కమలిని ఉత్తరం రాసిపెట్టి గోపాలరావును దిద్దుతుంది. స్త్రీ చదువు కుటుంబాన్ని సంస్కరిస్తుందన్న ఆలోచనకు ఆ కథ గొప్ప వ్యక్తీకరణ. దానికి ఎనభై ఏళ్ళ తర్వాత నెల్లూరు స్త్రీలు చేసిందీ దిద్దుబాటే. కాని తేడా ఎంత! కమలిని ఒంటరిది. ఆమె చదువుకున్న ఇంటి ఇల్లాలు. ఆమె దిద్దినది ఒక్క భర్తను, అదీ గది నాలుగు గోడల మధ్య. గోపాలరావు సిగ్గుపడితే కథ ముగుస్తుంది. రోశమ్మ వంటివాళ్ళు కూలికి వెళితేగాని పొయ్యి వెలగనివాళ్ళు. సంతకం చెయ్యడం అప్పుడే నేర్చుకున్నవాళ్ళు. భర్త సిగ్గుపడటంతో వాళ్ళ కథ ముగియదు. ఎందుకంటే రేపు పొద్దున మళ్ళీ జీపు వస్తుంది. అందుకే వాళ్ళు భర్తతో ఆగకుండా ప్రభుత్వాన్ని దిద్దవలసి వచ్చింది. సంస్కరణ సాహిత్యం ఆగిన చోటినుంచి ఈ స్త్రీలు నడిచారు.

ఇందులోంచి మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. రచన బలం రచనలోనే ఉండదన్నది మొదటిది. ‘సీతమ్మ కథ’ను ఏ వారపత్రికలోనో అచ్చువేసి ఉంటే ఒక్క దుకాణం కూడా మూతపడేది కాదు. అది ఎవరి చేతుల్లోకి వెళ్ళింది, ఎక్కడ కూర్చుని చదివారు, చదివాక మాట్లాడుకోడానికి పక్కన ఎవరున్నారు అన్నవే దాని బలాన్ని నిర్ణయించాయి. మనం వస్తువు గురించీ, శిల్పం గురించీ చర్చించినన్ని పుటల్లో పదోవంతైనా చదివే చోటు గురించి చర్చించామా? మన కథల పుస్తకాలు ఐదువందల ప్రతులు వేసుకుని, మిత్రులకు పంచుకుని, మిత్రులచేతే సమీక్షలు రాయించుకుంటున్నాం. తర్వాత ప్రజలు చదవడం లేదని నిట్టూరుస్తున్నాం.

రెండోది, దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు గురించి. పాఠమే ఉద్యమాన్ని పుట్టించిందని అనుకోవడం కూడా రచయితల గర్వమే. దూబగుంట స్త్రీలకు సారా బాధ వాచకం చెప్పేదాకా తెలియదా? ఒంటిమీద దెబ్బలున్నవాళ్ళకు దెబ్బ సంగతి ఎవరు చెప్పాలి? పాఠం వాళ్ళకు తెలియనిది చెప్పలేదు. తెలిసినదాన్ని నలుగురిలో బయటికి చదవడానికి వీలిచ్చింది. ఉపాధ్యాయుడిగా నాకు ఇది కొంచెం కష్టంగానే ఉన్నా ఒప్పుకోక తప్పదు. మంచి పాఠం విద్యార్థికి కొత్త విషయం చెప్పకపోయినా, అతని నోట్లో ఉన్న మాటకు ధైర్యం ఇస్తే చాలు.

6

గెలుపు దగ్గర చరిత్రను ఆపితే అది చరిత్ర కాదు, అభినందన పత్రం.

1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధాన్ని సడలించింది. ఆదాయం లేదన్నారు, దొంగసారా పెరిగిందన్నారు, పొరుగు రాష్ట్రాలనుంచి మద్యం వస్తోందన్నారు. ఇవన్నీ అబద్ధాలు కావు. కాని వీటికి పరిష్కారం అడగడానికి ఏ రాత్రి బడికీ ఎవరూ వెళ్ళలేదు. సారా పోయిన చోట రంగు సీసాలు వచ్చాయి. తర్వాతి కాలంలో లైసెన్సు దుకాణం లేని ఊళ్ళలోకి కూడా ‘బెల్టు షాపులు’ చేరాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీ నిషేధం అన్న వాగ్దానంతో ప్రభుత్వమే దుకాణాలు నడపడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. పద్ధతులు మారాయి. ఖజానా ఆకలి మారలేదు.

మరి ఆ స్త్రీలు ఏమయ్యారు? జీపును తిప్పిపంపినవాళ్ళు బెల్టు షాపును ఎందుకు ఆపలేకపోయారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకకుండా ఉద్యమ వార్షికోత్సవాలు చేసుకోవడం ఆత్మవంచన.

నాకు తోచిన జవాబు ఒకటి ఉంది. సారా పోయాక మిగిలిన కూలి డబ్బులు దాచుకుందామని నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ‘పొదుపు లక్ష్మి’ పేరుతో అది వ్యాపించింది. ప్రభుత్వం దాన్ని చేరదీసింది. పొదుపు సంఘాలు, డ్వాక్రా సంఘాలు రాష్ట్రమంతటా వేలు, లక్షలయ్యాయి. ఇది మంచిదే. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కనక్కర లేకుండా పిల్లల ఫీజు కట్టుకున్న తల్లులను నేను ఎరుగుదును. కాని ఆ సంఘం సమావేశంలో ఏం మాట్లాడుకుంటున్నారో కూడా చూస్తున్నాను. వాయిదా ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు, కట్టనిదాని ఇంటికి ఎవరు వెళ్ళాలి. అంతే. రాత్రి బడిలో పక్కనున్నామె కష్టం విని “మాదీ అదే” అన్న స్త్రీ, ఇప్పుడు పక్కనున్నామె వాయిదాకు జామీను. 2010 నాటికి సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడితో ఆత్మహత్యల వార్తలు వచ్చాయి, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ వసూళ్ళకు వాడుకున్నది కూడా ఈ ‘గ్రూపు’నే.

కల్లు బండివాడికి నష్టం రాకూడదని తలా ఒక రూపాయి వేసుకుంటామన్న చేతులూ, బ్యాంకులో రోజుకొక రూపాయి వేసిన చేతులూ ఒకటే. మొదటి రూపాయి ఊరిని బాగుచేసుకునే హక్కు తమదని చెప్పింది. రెండో రూపాయి ఎవరి బతుకు వాళ్ళు బాగుచేసుకొమ్మని చెప్పింది. పొదుపు తప్పని నేననడం లేదు. కలిసి కూర్చునే చోటు మిగిలింది గాని, ఆ చోట మాట్లాడుకునే విషయం చేతులు మారిపోయింది. వాచకం ఉన్న చోటికి లెక్కల పుస్తకం వచ్చింది. ఆ మార్పు జరుగుతున్నప్పుడు రచయితలం మనం ఎక్కడున్నాం? ఉద్యమం మీద కవితలు రాశాం, కథలు రాశాం, పాటలు కట్టాం. మంచివే రాశాం. వాళ్ళ గురించి రాశాం. వాళ్ళు కలిసి చదువుకోడానికి మరో పాఠం మాత్రం రాయలేదు. రాత్రి బళ్ళు ఒక్కొక్కటే మూతపడితే అడగలేదు.

7

సామాన్యులు కూడి తమ ఊరిని బాగుచేసుకున్న చరిత్ర మనకు కొత్త కాదు. ఊరూరా గ్రంథాలయాలు పెట్టుకున్నదీ, చెరువు గట్లు వేసుకున్నదీ, బడులు కట్టుకున్నదీ వాళ్ళే. నెల్లూరు స్త్రీల ప్రత్యేకత, వాళ్ళు బాగుచేసుకోడానికి ఎంచుకున్నది గట్టునూ, గోడనూ కాదు. ఊరికి కీడు చేస్తున్న అధికారాన్నే. అందుకే వాళ్ళ గెలుపు అంత పెద్దది. అందుకే దాన్ని వెనక్కి తీసుకోడానికి అన్ని ప్రభుత్వాలూ అంత తొందరపడ్డాయి.

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. ఆధునిక తెలుగు సాహిత్యం మీద పరిశోధన చేసేవారు ఆ వయోజన విద్యా వాచకాలను ఒకసారి సేకరించండి. పాత సామానులో, మూతపడిన కేంద్రాల బీరువాల్లో అవి చెదలు పడుతుంటాయి. ఆనాటి కళాజాతాల పాటలను, ఆ బళ్ళలో చదువుకున్న స్త్రీల మాటలను వాళ్ళు బతికుండగానే రాసిపెట్టండి. వాళ్ళలో చాలామంది ఇప్పటికే ముసలివాళ్ళయ్యారు. ఒక కావ్యానికి పాఠాంతరాలు వెతికినంత శ్రద్ధగా ఈ పని జరగాలి. ‘సీతమ్మ కథ’ ఏ ఊళ్ళో ఎలా చదివారో, ఎక్కడ మార్చుకుని చెప్పుకున్నారో తెలిస్తే సాహిత్య ప్రయోజనం గురించి మన అలంకారశాస్త్రాలు చెప్పనిది తెలుస్తుంది.

రచయిత మిత్రులకు ఇంకో మాట. ప్రజల కోసం రాస్తున్నామన్నది మన ప్రకటన. దాన్ని పరీక్షించుకునే గీటురాయి ఒకటి దొరికింది. మనం రాసినదాన్ని పదిమంది కూలి స్త్రీలు కలిసి, ఆగి ఆగి, బయటికి చదివితే ఎక్కడ ఆగుతారు? ఆగినచోట ఏమనుకుంటారు? పుస్తకం మూసి ఎటు నడుస్తారు?

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయికి మరునాడు జవాబు చెప్పాను. ఆ పాఠం మొదటి సగం కొందరు ఉపాధ్యాయులు, కార్యకర్తలు కలిసి రాశారమ్మా, రెండో సగం చదివినవాళ్ళు రాశారు అన్నాను. “అయితే పరీక్షలో కవి పరిచయం ఏమని రాయాలి సార్?” అంది. పరీక్షలో ఆ ప్రశ్న రాదన్నాను. రావాలి.